కోట తలుపు తీసిన మనిషి

పోయినవారం చదువరిని ఆఫీసు మూడో అంతస్తులో, మీటింగు గది ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ అక్కడే ఉంది. లోపలికి పంపేముందు, కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు.

ఆమె ఉద్యోగం చదవడం. ‘తొలి ఒడ్డు’ అనే ఆట తయారుచేసే చిన్న కంపెనీలో, ఆడేవాళ్ళు రాసే అభిప్రాయాలన్నీ చదివి వాటి సారం పైవాళ్ళకు చెప్పాలి. అందుకే ఆఫీసులో అందరూ ఆమెను చదువరి అనే పిలుస్తారు. ఆ ఆటలో మనిషి ఒట్టి చేతులతో ఏటి ఒడ్డున కళ్ళు తెరుస్తాడు. నిప్పు రాజేసుకుని, తోటివాళ్ళను కూడగట్టుకుని, ఇళ్ళు, పొలాలు, బట్టీలు, ఆఖరికి చట్టాలు కూడా కట్టుకోవాలి. వేలమంది ఒకే లోకంలో ఆడతారు. అక్కడ రోజూ చలే; వారానికోసారి మంచు కురిసే చలికాలం కూడా వస్తుంది. నెత్తిన కప్పు, ముందు నిప్పు లేనివాడు గడ్డకట్టుకుపోతాడు; మళ్ళీ ఒట్టి చేతులు, మళ్ళీ ఒడ్డు.

ఆ లోకంలో అన్నిటికన్నా పెద్ద ఊరు రాతికోట. నెల కిందట ఎవరో లోపలినుంచి దాని తలుపు తీశారు. బయట చలిలో ఉన్న జనం పోటెత్తారు. వాళ్ళలో కొందరు ఊరు తగలబెట్టారు. అప్పటినుంచి అభిప్రాయాల వరద. లోకాన్ని తలుపు తియ్యకముందు రోజుకు వెనక్కి తిప్పమని పాతవాళ్ళు, తిప్పితే తమ ఇళ్ళు మాయమైపోతాయని కొత్తవాళ్ళు. తలుపు తీసిన ఆటగాడి మారుపేరు పిచ్చుక. అసలు మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. వ్యవహారం తేల్చడానికి డైరెక్టరు ముగ్గురు ఆటగాళ్ళను ఆఫీసుకే పిలిచాడు. అందులో పిచ్చుక కూడా ఉంది. పిలవడం వింత కాదు, వస్తానని పిచ్చుక ఒప్పుకోవడమే వింత.

ఇక తలుపు తోసుకుని చదువరి లోపలికి వెళ్ళింది.

శనివారం కావడంతో ఆఫీసులో ఎవరూ లేరు. బల్లమీద నీళ్ళ సీసాలు, బిస్కెట్లు, మారుపేర్లు రాసిన కార్డులు సర్దింది. డైరెక్టరు అప్పటికే బల్ల చివర కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఈ ఆట ఆయన బుర్రలో పుట్టింది. పెళ్ళి సంగతి కూడా పక్కనపెట్టి తొమ్మిదేళ్ళు దీనికే ధారపోశాడు.

మొదట వచ్చినవాడు పెద్దమేస్త్రి. రాతికోటకు పునాది వేసిన మనిషి. ఆటలో ఆయనకు బారెడు గడ్డం ఉంటుంది. ఒక్క కేక వేస్తే రెండువందలమంది పలుగూ పారా పట్టుకుని పరిగెత్తుకొస్తారు. గదిలోకి వచ్చింది మాత్రం బక్కపల్చటి యాభయ్యేళ్ళ మనిషి, డ్రైవింగు స్కూల్లో కారు నేర్పే మాస్టారు. కూర్చోగానే కుడికాలు కాస్త ముందుకు చాపాడు. శిష్యుల పక్కసీట్లో కూర్చుని ఏళ్ళ తరబడి బ్రేకు తొక్కిన కాలు అది. ఎవరైనా గబగబా మాట్లాడితే చాలు, తనకు తెలియకుండానే నేలను నొక్కుతుంది.

ఆ వెనకాలే కొత్తచెప్పులు వచ్చాడు. ఒడ్డున దిగినవాళ్ళు మొట్టమొదట కుట్టుకునేది చెప్పులే కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాడట. బయట ఫుట్‌బాల్ రిఫరీ. మోకాలికి ఆపరేషనై, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆటలో దూరాడు. చేతికర్ర గోడకు ఆనించి, “ఇరవైరెండుమందితో తిట్లు తినడం అలవాటున్నవాణ్ణి. ఇక్కడ నలుగురే కదా, పర్లేదు” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తనే కాస్త నవ్వుకుని బిస్కెట్టు తీసుకున్నాడు.

తలుపు మూడోసారి తెరుచుకుంది.

“క్షమించండి, బస్సు ఆలస్యమైంది. పిచ్చుక అంటే నేనేనండి.”

ఆ గొంతు విని చదువరి తలెత్తింది. చేతిలో కార్డు చేతిలోనే ఉండిపోయింది.

వచ్చింది ఆమె తోడికోడలు.

ఒకే ఇంట్లో కింద చదువరి, ఆమె భర్త, అత్తగారు. పైన మరిది, తోడికోడలు. పెళ్ళై రెండేళ్ళయినా ఆ పిల్ల ఇంట్లో ఎవరితోనూ పెద్దగా కలవలేదు. చెవి క్లినిక్కులో పని. వినికిడి పరీక్షలు చేసి, చెవి మిషన్లు అమర్చి, వాటిని వాడే పద్ధతి నేర్పుతుంది. ఇంటికి రాగానే మెట్లెక్కి పైకి వెళ్ళిపోతుంది. కాసేపటికి పైనుంచి మాటలు, ఒక్కోసారి నవ్వులు వినపడతాయి. “ఎవరితో అన్ని కబుర్లు? మనతో మాట్లాడితే మాత్రం నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?” అని అత్తగారు సణిగేది. చదువరి ఆ మాటకు అవుననలేదు, కాదనలేదు. ఊరూపేరూ లేని వేలమంది మనసులో మాట చదివి జీతం తీసుకునే మనిషి, పైమెట్లెక్కి ‘ఏం చేస్తున్నావమ్మాయ్’ అని ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి ఆ క్షణంలో చెంప చెళ్ళుమన్నట్టు తగిలింది.

తోడికోడలి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. చదువరి ఏదో కంపెనీలో రిపోర్టులు రాస్తుందని తెలుసు గాని, ఈ కంపెనీయేనని తెలియదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందేమో అనిపించింది. వెళ్ళలేదు.

“రండి. మీరు ఇక్కడ కూర్చోండి” అంది చదువరి. తోడికోడల్ని ‘మీరు’ అనడం రెండేళ్ళలో అదే మొదటిసారి.

“థాంక్సండీ” అని ఆ పిల్ల కూర్చుంది.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. “ఇది పంచాయితీ కాదు. ఎవర్నీ తప్పుపట్టడానికి పిలవలేదు. సోమవారం ఒక నిర్ణయం చెయ్యాలి. లోకాన్ని వెనక్కి తిప్పాలా, వద్దా? మీ ముగ్గురి అభిప్రాయం విని, ఆపైన చదువరిగారు మిగతావాళ్ళు ఏమంటున్నారో చెబితే, నా పని తేలికవుతుంది.”

“తేలిక ఎలా అవుతుందండీ, నన్నూ ఈమెనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి?” అన్నాడు పెద్దమేస్త్రి. పిచ్చుక వైపు చూడలేదు. “ఏడాదిన్నర మాతో కలిసి పనిచేసింది. విత్తనాల కొట్టు తాళాలు ఆమె దగ్గరే ఉండేవి. మా ఊళ్ళో నేను ఎక్కువ నమ్మిన మనుషులు ముగ్గురుంటే అందులో ఈమె ఒకతి. ఏమ్మా, నీకు మేం ఏం తక్కువ చేశాం?”

“ఏం తక్కువ చెయ్యలేదండీ” అంది తోడికోడలు.

“మరెందుకు తీశావు?”

ఆమె నీళ్ళసీసా మూత తిప్పింది, మళ్ళీ బిగించింది. “ముందు మీరు గోడ ఎందుకు కట్టారో చెప్పండి మేస్త్రిగారూ. ఈయనకు తెలియదు” అంటూ కొత్తచెప్పుల్ని చూపించింది.

 అడిగిన తీరులో వెటకారం లేదని తేల్చుకున్నాక పెద్దమేస్త్రి రిఫరీ వైపు తిరిగాడు.

“మొదట మాకు గోడ లేదండి. ఎవరొచ్చినా రమ్మనేవాళ్ళం. రెండుసార్లు ఊరు పోయింది. రెండుసార్లూ మేం నిద్రపోతున్నప్పుడే. ఆటలో నిద్ర కాదు; నిజంగా, ఎవరిళ్ళలో వాళ్ళం మంచాలమీద పడుకుని ఉన్నప్పుడు. పొద్దున్నే లేచి పనికెళ్ళబోతూ ఒకసారి చూద్దామని తెరిస్తే ఊరు లేదు. బూడిద. ఈ ఆటలో మనిషికి నిద్ర రావడమే నేరం. నేనదే రాశాను అభిప్రాయంలో, మేడమ్ చదివే ఉంటారు.”

“చదివాను” అంది చదువరి. ఆ వాక్యాన్ని కత్తిరించి పైవాళ్ళకు పంపింది కూడా ఆమే.

“అందుకని గోడ. అందుకని నియమం. లోపలున్న ఇద్దరు పూచీ ఉంటే తప్ప కొత్తవాణ్ణి రానివ్వకూడదు, తలుపు కొట్టినా పలక్కూడదు. పలికితే జాలిపడతాం, జాలిపడితే తీస్తాం. కటువుగా ఉంటుంది, కాదనను. కానీ ఆ గోడ లేచాకే మావాళ్ళు నిశ్చింతగా పడుకున్నారు. బడి పెట్టుకున్నాం. పాటలు కట్టుకున్నాం. కుండలమీద బొమ్మలు వెయ్యడం మొదలైంది అప్పుడే. భయం ఉన్నచోట కుండ చేస్తారు గాని, కుండమీద బొమ్మ వెయ్యరండి.”

రిఫరీ తలూపాడు. “న్యాయంగానే ఉంది.”

“న్యాయంగానే ఉంటుంది, లోపల కూర్చుని వింటే” అంది తోడికోడలు.

పెద్దమేస్త్రి కాలు నేలను నొక్కింది.

“నాకు తలుపు కాపలా వంతు మధ్యాహ్నాలు వచ్చేది. క్లినిక్కులో ఒంటిగంటనుంచి మూడింటిదాకా ఖాళీ. ఇంటికొచ్చి కూర్చునేదాన్ని. ఈ ఆటలో దగ్గరున్న మనిషి గొంతు వినపడుతుంది కదా. మధ్యలో గోడ ఉంటే కాస్త సన్నగా వినపడుతుంది, అంతే. వచ్చినవాళ్ళందరూ మాట్లాడేవాళ్ళు. ఒకడు తిట్టేవాడు, ఒకడు బతిమాలేవాడు. ఒకావిడ తలుపు పక్కన కూర్చుని వాళ్ళ ఆఫీసు సంగతులన్నీ చెప్పేసి, చెబుతూ చెబుతూనే గడ్డకట్టి పోయింది. నా ఉద్యోగమేంటో తెలుసా మీకు? గాజుగదిలో మనిషిని కూర్చోబెట్టి, సన్నటి శబ్దం వదిలి, వినపడితే చెయ్యెత్తమంటాను. పొద్దస్తమానం అదే పని. ఇంటికొచ్చి ఆ తలుపు దగ్గర కూర్చుంటే, నాకు వినపడుతుంది, నేనే చెయ్యెత్తకూడదు.”

 తోడికోడలు ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడగా చదువరి ఎన్నడూ వినలేదు. అసలా గొంతు ఇంత గట్టిగా ఉంటుందని కూడా తెలియదు.

“ఒకాయన వరసగా చాలా రోజులు వచ్చాడు” అని ఆమె కొనసాగించింది. “తిట్టలేదు, బతిమాల్లేదు. ‘లోపల ఎవరైనా ఉన్నారా’ అని ఒక్కసారి అడిగేవాడు. కాసేపు ఆగి, ‘సరేలెండి’ అని పక్కకెళ్ళి కూర్చునేవాడు. చలికి పోయేవాడు. మర్నాడు మళ్ళీ అంత దూరం నడిచొచ్చి, మళ్ళీ అదే మాట. తర్వాత రావడం మానేశాడు. ఆ వారం మంచు ముందే పడింది. తలుపవతల నలభైమంది దాకా ఉన్నారు. నేను తీశాను.”

“మీరేనా అది?” అన్నట్టు పెద్దమేస్త్రి రిఫరీని చూశాడు. పిచ్చుక కూడా ఆశగా అటు తిరిగింది, కానీ ఆ ఆశలో ఏదో తేడా ఉంది. చదువరి అది గమనించింది, అర్థం మాత్రం కాలేదు.

“నేను కాదమ్మా” అన్నాడు రిఫరీ. “తలుపు తీసిన రోజు పొద్దునే నేను మొదటిసారి ఆడాను. ఇంతకుముందు తీసేవాళ్ళు కాదని నాకు తర్వాత తెలిసింది.”

“ఆ మనిషెవరో మీకు తెలుసా?” అని పిచ్చుకను అడిగాడు డైరెక్టరు.

“తెలియదండి” అంది పిచ్చుక. చాలా తొందరగా అంది.

“నిప్పు పెట్టింది నేను కాదు. తలుపు తీసింది నేనే” అని మళ్ళీ తనే అంది. “రెండూ వేర్వేరని తప్పించుకోను. నిప్పు దగ్గర కూర్చుంటారు, బువ్వ తింటారు, పొద్దున్నే పనిలోకి దిగుతారు అనుకున్నాను. అందరూ అలాంటివాళ్ళే ఉంటారని ఎందుకు అనుకున్నానో నాకిప్పటికీ తెలియదు. కొట్టు తగలబడింది. బడి తగలబడింది. బట్టీ కూలగొట్టారు...”

“బట్టీ మాటెత్తకు” అన్నాడు పెద్దమేస్త్రి.

ఆ అనడం కేకలా లేదు. మనిషి కిందికి చూస్తున్నాడు. డైరెక్టరు పెన్ను ఆడించడం ఆపేశాడు.

“బట్టీ కట్టింది మా కుమ్మరి. మారుపేరు కుమ్మరే. పొగగొట్టం కావాలనే వంకరగా లేపాడు. నిటారుగా కడితే ఎవడు కట్టాడో ఎవడిక్కావాలిరా అనేవాడు. మేమిద్దరం కలిసే ఒడ్డున దిగాం. ఈ ఆట నాకు నేర్పిందే వాడు. పోయిన ఏడాది ఆఖర్లో పోయాడు. ఆటలో కాదండీ. నిజంగానే. గుండె జబ్బు.”

తోడికోడలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“వాడు చేసిన పని లోకంలో ఇంకెక్కడా లేదు. వాడి ఇంట్లో కూడా లేదు. ఆ బట్టీ ఒక్కటే. రోజూ పనైపోయాక వెళ్ళి దాని ముందు కాసేపు నిలబడేవాణ్ణి. మీరు వెనక్కి తిప్పుతారా లేదా అంటే, మిగతావాళ్ళు కొట్టు కోసం, గోడ కోసం తిప్పమంటున్నారు. నాకవి మళ్ళీ కట్టడం చేతనవును. బట్టీ చేతకాదు.”

“నాకు కుండలు చెయ్యడం నేర్పింది ఆయనే మేస్త్రిగారూ” అంది తోడికోడలు.  “ఉద్యోగం మారారు, ఇక ఆడరు అని చెప్పారు మీరు. నేను నమ్మాను. నాకెందుకు చెప్పలేదు?”

“ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ ఓదారుస్తారు. ఓదారిస్తే వాడు నిజంగా పోయినట్టు అవుతుంది. ఆటే మానేసేవాణ్ణి.”

“చెప్పి ఉంటే...”

“చెప్పి ఉంటే తలుపు తీసేదానివి కాదా?”

ఆమె ఆలోచించింది. మర్యాదకు ఏదో ఒకటి అనెయ్యొచ్చు. “తెలియదండీ” అంది. “తీసేదాన్నేమో. కానీ ముందు బట్టీ దగ్గర నేను నిలబడేదాన్ని.”

పెద్దమేస్త్రి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

రిఫరీ ఇబ్బందిగా కదిలాడు. “మేస్త్రిగారూ, ఒక మాట. ఆ బట్టీ ఇటుకలకి ఓ మూల చేప బొమ్మ ఉంటుందా?”

“ఉంటుంది. వాడి గుర్తు. మీకెలా తెలుసు?”

“కూలిపోయి కుప్పగా పడున్నాయి. ఎవరివో నాకేం తెలుసు? ఏరుకొచ్చి పొయ్యి కట్టుకున్నాను. చేప భలే ఉందని అన్నీ పైకి కనపడేలా పెట్టాను. మా ఇంటికి ఎవరొచ్చినా ముందదే అడుగుతారు.” ఆయన మోకాలు రుద్దుకున్నాడు. “వెనక్కి తిప్పితే నా పొయ్యి పోతుంది, మీ బట్టీ వస్తుంది. రిఫరీనే అయినా ఈ తగువు తీర్చడం నావల్ల కాదు. నా ఇల్లు నాకు కావాలి. అది కూడా చెప్పాలి కదా, అబద్ధం ఎందుకు.”

“ఎన్ని ఇటుకలున్నాయి?” అన్నాడు పెద్దమేస్త్రి.

“లెక్కపెట్టలేదు. వచ్చి చూడండి.”

“నేను తిప్పమనే అంటాను” అన్నాడు పెద్దమేస్త్రి, ఎవరో కాదన్నట్టు. తర్వాత చాలాసేపటికి, “చూడ్డానికి వస్తాను” అన్నాడు.

చదువరికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఐదేళ్ళుగా ఇలాంటి మనుషుల మాటలే చదువుతోంది గాని, ఒకరి మాట విని ఇంకొకరి ముఖం మారడం ఎప్పుడూ చూడలేదు. అభిప్రాయాలు రాసేటప్పుడు మనుషులు గోడవైపు తిరిగి మాట్లాడతారు.

డైరెక్టరు మాత్రం గడియారం చూసుకున్నాడు. “అందరి బాధా అర్థమైంది. కానీ బయట వేలమంది మండిపోతున్నారు. వాళ్ళు చల్లారాలంటే నాకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, వెనక్కి తిప్పడం. రెండు, ఈ పిచ్చుక ఎవరో అసలు పేరుతో చెప్పి, ఆమె చేత ఓ క్షమాపణ రాయించడం. రెండూ చేస్తే ఇంకా మంచిది.”

“అసలు పేరా?” అంది తోడికోడలు. 

“పేరు చాలు. ఇంటి అడ్రసేం అడగట్లేదు కదా.”

“వీల్లేదు” అంది చదువరి.

అందరూ అటు తిరిగారు. ఆ మాట తన నోటినుంచి అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

“పేరు తెలిస్తే అడ్రసు తెలియడానికి ఎంతసేపు పడుతుందండీ? వాళ్ళు రాసే తిట్లు మీకు నేను సగం కూడా చూపించలేదు. ఇంటికొస్తామని రాసినవాళ్ళున్నారు. ఆటలో చేసినదానికి ఆటలో అడగాలి. మనిషిని తీసుకెళ్ళి రోడ్డుమీద నిలబెట్టకూడదు.”

“నువ్వు ఎందుకింత ఇదవుతున్నావు?” డైరెక్టరు కళ్ళు చిన్నవయ్యాయి. “ఈమె నీకు ముందే తెలుసా?”

తోడికోడలు బల్ల కింద చెయ్యి ఊపింది, వద్దన్నట్టు.

“మా తోడికోడలు” అంది చదువరి. “మా ఇంట్లో పై వాటా. పిచ్చుక తనేనని ఈ తలుపు తెరుచుకునేదాకా నాకు తెలియదు. నమ్మితే నమ్మండి. కానీ తను మా తోడికోడలు కాకపోయినా వీల్లేదనే అంటాను.”

రిఫరీ సన్నగా ఈల వెయ్యబోయి ఆపుకున్నాడు.

“బాగుంది” అన్నాడు డైరెక్టరు, నెమ్మదిగా. “చాలా బాగుంది. ఇక నీ రిపోర్టు ఎవరు నమ్మాలి? సరే, అడుగుతున్నాను కాబట్టి చెప్పు. మొత్తంమీద ఆడేవాళ్ళు ఏమంటున్నారు? ఎక్కువమంది తిప్పమంటున్నారు కదా?”

ఆమె ఆ జవాబు నిన్ననే రాసి పెట్టుకుంది. అవును, రాసినవాళ్ళలో ఎక్కువమంది అదే అంటున్నారు. ఆ ఒక్క వాక్యం చెబితే గండం గడిచిపోతుంది. డైరెక్టరుకు కావలసింది దొరుకుతుంది, తనమీద అనుమానమూ ఉండదు.

“రాసినవాళ్ళలో ఎక్కువమంది తిప్పమంటున్నారు” అంది. “కానీ రాసినవాళ్ళెవరండీ? ఈ ఆటంటే ప్రాణం ఉన్నవాళ్ళు. కోపం వచ్చినా పేజీలకు పేజీలు రాస్తారు. వెళ్ళిపోయేవాడు అంత రాయడు. ఒక ముక్క రాస్తాడు, లేదా అదీ రాయడు. కాసేపు ఆడి పోయినవాళ్ళ మాటలు లెక్కలోకి తీసుకోవద్దని మొదట్లోనే మీరు చెప్పారు. నేనూ సరేనన్నాను. అప్పటినుంచి తలుపు బయట పోయినవాళ్ళెవరూ మన రిపోర్టుల్లోకి రాలేదు. మనం ఇన్నాళ్ళూ కోట లోపలివాళ్ళనే ‘ఆటగాళ్ళు’ అంటున్నాం. వాళ్ళు తప్పు చెప్పడంలేదు. కానీ వాళ్ళే అందరూ కాదు. సోమవారంలోపు మిగతావన్నీ చదివి చెబుతాను. ఇవాళ మాత్రం అంకె అడక్కండి.”

డైరెక్టరు లేచాడు. కోపంగా ఉన్నాడో, ఆలోచనలో పడ్డాడో తెలియలేదు. “సోమవారం పొద్దున పదింటికి” అన్నాడు. “అప్పటిదాకా పేరు బయటికి రాదు. ఆ తర్వాత నువ్వు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది. ఆమె పేరే కాదు, నీ ఉద్యోగం కూడా.”

పెద్దమేస్త్రి వెళ్ళేటప్పుడు పిచ్చుక దగ్గర ఆగాడు. క్షమించానని అనలేదు. “కుండమీద ఆ నెమలి నువ్వే వేశావుగా?” అన్నాడు. ఆమె తలూపింది. “వాడు మెచ్చుకున్నాడు” అని చెప్పి, రిఫరీ చేతికర్ర అందించి, ఆయనతో కలిసి మెట్లు దిగిపోయాడు.

లిఫ్టు ముందు ఇద్దరు తోడికోడళ్ళే మిగిలారు. బటను నొక్కినా లిఫ్టు రావడంలేదు. 

“నా కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకోకు అక్కా” అంది చిన్నామె చివరికి.

“నీ కోసమే కాదులే.” చదువరి ఆమె భుజంమీద చెయ్యి వేసింది. ఎముకలు చేతికి తగిలాయి; పిల్ల ఇంత సన్నబడిందని ఇంట్లో ఎవరైనా చూశారా? “పైన నవ్వులు వినపడితే అత్తయ్య ఏమేమో అనేవారు. నేను నోరు మూసుకున్నాను. వచ్చి అడగాల్సింది.”

“నేనూ చెప్పలేదుగా. ఆటంటే నవ్వుతారనుకున్నాను.” ఆమె లిఫ్టు తలుపులకేసి చూస్తూ ఉండిపోయింది.  “అక్కా, లోపల ఒక అబద్ధం చెప్పాను.”

“ఏమిటది?”

“రోజూ వచ్చి తలుపు కొట్టినాయన ఎవరో తెలియదన్నాను. తెలుసు. మొదటిరోజే గుర్తుపట్టాను. పొరబాటేమో, ఆ రిఫరీగారే అయ్యుంటే ఎంత బాగుండునో అని ఇవాళ కూడా అనుకున్నాను. నేను లోపలున్నానని ఆయనకు తెలియదు. ఈ ఆట ఆడతానని కూడా తెలియదు. పలకలేక, పలక్కుండా ఉండలేక... ఆయన రావడం మానేశాక ఇక తట్టుకోలేకపోయాను. అందుకే తీశాను అక్కా. మిగతాదంతా కూడా నిజమే, కానీ ముందు అందుకే.”

“ఎవరే?”

“బావగారు.”

చదువరికి ఒక్క క్షణం ఆ వరస ఎవరికి చెల్లుతుందో తట్టలేదు. తట్టాక నవ్వొచ్చింది. “మా ఆయనా? మధ్యాహ్నంపూటా? పిచ్చిదానా, సేల్స్ మేనేజరు పని వదిలేసి, ఆఫీసులో కూర్చుని ఆటలాడితే ఊరుకుంటారా? ఇవాళ శనివారమైనా పనుందని పొద్దున్నే బాక్సు పట్టుకుని వెళ్ళారు.”

తోడికోడలు నవ్వలేదు. “గొంతులు పోల్చుకోవడంలో నేను పొరబడను అక్కా.”

లిఫ్టు వచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు. తలుపులు మూసుకుని అది వెళ్ళిపోయింది. చదువరి ఫోను తీసి భర్తకు చేసింది. చాలాసేపు మోగాక తీశాడు.

“ఏమండీ, ఎక్కడున్నారు?”

“ఆఫీసులోనే. మీటింగులో ఉన్నాను. తర్వాత చేస్తాను, సరేనా?”

గొంతు మామూలుగానే ఉంది. ఆ గొంతు వెనకాల నీళ్ళు పారుతున్నాయి. గులకరాళ్ళమీదుగా, ఆగి ఆగి, సన్నగా. ఏ ఏటిలోనూ వినపడని చప్పుడు అది. ఈ ఆఫీసు మేడమీదే, ఇనప తొట్టిలో రాళ్ళు పోసి, పైనుంచి నీళ్ళు వంచుతూ రికార్డు చేశారు. ఆ రోజు బిందె పట్టుకుని నీళ్ళు వంచింది చదువరే. ‘తొలి ఒడ్డు’లో కొత్తవాళ్ళు కళ్ళు తెరిచే చోట తప్ప ఆ నీళ్ళు లోకంలో ఎక్కడా పారవు.

“సరేనండీ” అంది.

అవతల ఆయన ఫోను పక్కన పడేసినట్టున్నాడు, కట్ చెయ్యలేదు. నీళ్ళ చప్పుడు కొంచెం పెరిగింది. ఇన్నాళ్ళుగా ఇంట్లో వినని తేలికైన గొంతుతో ఆయన ఎవరితోనో అంటున్నాడు:

“మా ఆవిడ. లేదండీ, ఇంకా చెప్పలేదు.”

చదువరి వేలు కట్ చేసే బటను దాకా వెళ్ళి ఆగింది. తోడికోడలి చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగి, ఫోను ఇద్దరి చెవుల మధ్యా పెట్టింది.